అమ్మకు పండుగ ఎప్పుడు?

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసునాడు మా యింట జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ వ్యాసము వ్రాయుటకు పురికొల్పినది. ఉదయకాలపు ఆరాధన ముగించుకొని యింటికి వచ్చితిమి. నా తమ్ముడును, బావగారును, వారి పిల్లలును ముందుగదిలో చేరిరి. టెలివిజనులో పండుగ ప్రత్యేకముగా ఒక క్రొత్త చిత్రమును చూపించుచుండిరి. వంటగదిలో నా భార్య గారెలు వేయుచుండెను. చిత్రమునుండి కన్ను త్రిప్పకయే నేను, "ఇంకో నాలుగు వేడివి పంపించు" అని నడుమ నడుమ కేక వేయుచుంటిని. అప్పటికి పదియేండ్ల ప్రాయముగల నా కుమార్తె పళ్ళెము పట్టుకొని వంటగదికిని ముందుగదికిని తిరుగుచుండెను. ఆరవసారియో యేడవసారియో వచ్చినప్పుడు ఆమె నా యెదుట నిలిచి, "నాన్నా, అమ్మకు పండుగ ఎప్పుడు?" అని అడిగెను.

అందరమును నవ్వితిమి. "మనకు చేసిపెట్టడమే అమ్మకు పండుగ" అని నేను జవాబు చెప్పితిని. ఆ జవాబునకు బావగారు తల ఊపిరి. పిల్ల మాత్రము నవ్వలేదు. ఖాళీ పళ్ళెము తీసికొని లోపలికి పోయెను.

పరభాషలోని మాటలను మన భాషలోనికి తెచ్చుట నా పని. ఆ రాత్రి అందరును నిద్రించిన తరువాత నా బల్లయొద్ద కూర్చుండగా, నిర్గమకాండము 12వ అధ్యాయము 26వ వచనము నాకు జ్ఞాపకము వచ్చినది. మొదటి పస్కా దేవాలయములో జరుగలేదు. యాజకుడెవడును దానిని జరిగింపలేదు. అది యిండ్లలో, పొయ్యియొద్ద జరిగిన పండుగ. నిప్పులమీద కాల్చిన గొఱ్ఱెపిల్ల, పొంగని రొట్టె, చేదుకూరలు అందలి భోజనము. ఒక యింటివారు కొద్దిమందియైన యెడల పొరుగువారితో కలిసి తినవలెను. ఆ పండుగను ముందు తరములవారు ఆచరించునప్పుడు పిల్లలు ఒక ప్రశ్న వేయుదురనియు, తలిదండ్రులు దానికి జవాబు చెప్పవలెననియు దేవుడు ముందుగానే సెలవిచ్చెను. పిల్లల ప్రశ్న పండుగకు అడ్డము కాదు, అది పండుగలో ఒక భాగము.

ఆ ప్రశ్నలో మన తెలుగు బైబిలు "ఆచారము" అను మాటను వాడినది. అది తగిన మాటయే. అయితే హెబ్రీ మూలములోనున్న "అవోదా" అను మాటకు మొదటి అర్థము పని, చాకిరి. ఆరాధన అను అర్థమును అదే మాటకు కలదు. ఇదే గ్రంథము మొదటి అధ్యాయము 14వ వచనములో ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులచేత అడుసు తొక్కించి, ఇటుకలు చేయించి, పొలములలో చేయించిన కఠినమైన వెట్టికిని ఈ మాటయే పేరు. వెట్టియు ఆరాధనయు ఒకే మాటతో చెప్పబడిన గ్రంథమిది. కాబట్టి పిల్లవాని ప్రశ్నను, "ఈ చాకిరి మీకు ఏమగుచున్నది?" అనియు వినవచ్చును. నా కుమార్తెకు హెబ్రీ అక్షరమైనను రాదు. అయినను ఆమె అడిగినది ఈ ప్రశ్ననే అని నాకు తోచెను.

మరి చాకిరి ఎక్కడ వెట్టియగును? ఎక్కడ ఆరాధనయగును? చేతులు పడు శ్రమలో భేదము లేదు. ఐగుప్తులో శ్రమ ఒకరిది, దాని ఫలము వేరొకరిది. పస్కా రాత్రియందైతే కాల్చినవారే తినిరి. నడుము కట్టుకొని, చెప్పులు తొడుగుకొని, చేతికఱ్ఱ పట్టుకొని అందరును తినవలెనని ఆజ్ఞ. కూర్చుండి వడ్డింపించుకొనువాడు ఆ యింట ఒక్కడును లేడు.

ఇందులో దోషము టెలివిజనుది అని కొందరందురు. నేనును మొదట ఆ మాట వెనుక దాగవలెనని చూచితిని. నా బాల్యములో సినిమాకు పోవుట విశ్వాసికి తగదని మా పెద్దలు గట్టిగా చెప్పుచుండిరి. అట్టి పెద్దలే, 1978లో "కరుణామయుడు" విడుదలైనప్పుడు, క్రీస్తు పాత్రలో విజయచందర్‌ను చూచుటకు మమ్ములను వెంటబెట్టుకొని పోయి, తెరముందు కన్నీరు తుడుచుకొనిరి. లూకా 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చినప్పుడు తండ్రి యింట వాద్యములును నాట్యమును ఉండెనని మన ప్రభువే చెప్పెను. వినోదమును ఆయన తండ్రి యింటినుండి వెలివేయలేదు. అంతేకాదు, మా అమ్మ కాలమున యింట టెలివిజను లేదు. పురుషులు పందిరిక్రింద కూర్చుండి మాటలాడుకొనుచుండిరి, అమ్మ పొయ్యియొద్ద కట్టెల పొగలో కూర్చుండెడిది. అందరి భోజనములైన తరువాత గిన్నె అడుగున మిగిలినదే ఆమె తినెడిది. టెలివిజను క్రొత్తగా ఏమియు చెడగొట్టలేదు. వంటగదివైపు చూడకుండుటకు పూర్వము మా తండ్రులకు మాటలుండెను, మాకు బొమ్మలు దొరికినవి.

"ఆమె ప్రేమతో చేయుచున్నది గదా" అనునది రెండవ మాట. అది నిజము. అరిసెల పాకమును నీళ్ళలో వేసి, వ్రేళ్ళతో ఉండకట్టి, ఇక చాలునో ఇంకను కాగవలెనో చెప్పు నేర్పు నా భార్యకు ఆమె తల్లివలన వచ్చినది. అది దేవుని వరములలో ఒకటి. దానిని తక్కువపనిగా ఎంచి, భోజనమంతయు బయటినుండి తెప్పించినందువలన సమస్య తీరదు. అట్లు చేసిన యెడల పొయ్యి చల్లారును, యింటివారి మధ్య దూరము మాత్రము అట్లే నిలుచును. అయితే "ప్రేమతో చేయుచున్నాను" అని చెప్పు హక్కు చేయువారిది. తినువాడు ఆ మాటను తన సోమరితనముపై దుప్పటిగా కప్పుకొనరాదు. మార్తను గూర్చి నేను ఎన్ని ప్రసంగములు చేసితినో లెక్కలేదు. ఆమె విస్తారమైన పనిచేత తొందరపడెనని వేదికమీద ఆమెను మందలించి, దిగివచ్చి ఒక మార్త వండిన భోజనమునకు కూర్చుంటిని. ఆమె పనిలో పాలుపొందుటకు లేవవలెనని నాకు ఒక్కనాడును తోచలేదు.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములోని విశ్రాంతిదినపు ఆజ్ఞను మరల చదివితిని. ఆ దినమున పని చేయకూడనివారి వరుసలో నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ యెద్దు, నీ గాడిద, నీ యింటనున్న పరదేశి యున్నారు. భార్య మాత్రము వేరుగా పేర్కొనబడలేదు. ఆమెను మరచిరా? ఆమె "నీవు" అను మాటలోనే యున్నదని నేను గ్రహించుచున్నాను. విశ్రాంతి ఎవరికి మొదట చెప్పబడినదో వారితో ఆమె సమానురాలు. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసికొమ్మని ఆ వెంటనే ఆజ్ఞ కలదు. మన పండుగ దినమున ఆ "నీవు" రెండు ముక్కలై, సగము ముందుగదిలోను సగము వంటగదిలోను ఉండుట ఆ ఆజ్ఞకు విరోధము కాదా?

యోహాను సువార్త 21వ అధ్యాయము ఈ ప్రశ్నకు జవాబుగా నాకు కనబడినది. మరణమును జయించి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున నిప్పులు రాజవేసి, వాటిమీద చేపలుంచి, రొట్టెయు సిద్ధపరచెను. రాత్రియంతయు వలలు లాగి అలసిన శిష్యులకు ఆయన వంట చేసెను. అంతటితో ఊరకొనక, వారు పట్టిన చేపలలో కొన్నిటిని తెమ్మనెను. వండినవాడు ప్రభువు, తెచ్చినవారు శిష్యులు, భోజనము అందరిది. పునరుత్థాన మహిమకు తగని పని కానిది ఒక వేదాంత పండితునికి తగనిది ఎట్లగును?

మరుసటి క్రిస్మసుకు ముందురాత్రి మినపపప్పు నానబెట్టినది నేనే. ఉదయము నేనును తమ్ముడును పిండి రుబ్బి, గారెలు వేసితిమి. కొన్నిటికి చిల్లి పడలేదు, కొన్ని మాడిపోయినవి, నా చేతిమీద నూనె చిందినది. నా భార్యను ముందుగదిలో కూర్చుండబెట్టితిమి. ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకొనవలెనో తెలియలేదు. రెండుసార్లు లేచి గుమ్మమువరకు వచ్చెను. అది చూచినప్పుడు నాకు కలిగినది సంతోషము కాదు, సిగ్గు. ఇరువది సంవత్సరములకు పైగా కలిసి బ్రదికిన తరువాత తన యింటి పండుగలో కూర్చుండుట ఆమెకు అలవాటు లేకపోయినది. మూడవసారి ఆమె లేచి వచ్చినప్పుడు మేము అడ్డగింపలేదు. ఆమె నా ప్రక్కన నిలిచి, తడిచేతిమీద పిండిని తట్టి, చిల్లి ఎట్లు పెట్టవలెనో చూపించెను. తరువాత అందరమును ఒక్కసారే భోజనమునకు కూర్చుంటిమి. సాయంకాలము చిత్రమును చివరివరకు కలిసి చూచితిమి. అది ముగిసిన తరువాత ఆమె, "పండుగనాడు సినిమా ముగింపు చూడడం నాకిదే మొదలు" అనెను. ఆమె నిష్ఠూరముగా అనలేదు, ఊరకే అనెను.

ప్రియ చదువరీ, మీ కుటుంబము స్వగ్రామములో నున్నను, పనినిమిత్తము దూరరాష్ట్రములో నున్నను, పండుగ వచ్చును, పొయ్యి వెలుగును, తెర వెలుగును. మీ యింటి పిల్ల మా యింటి పిల్లవలె అడుగకపోవచ్చును. అడుగని పిల్లలును చూచుచున్నారు. చేతులలో పళ్ళెము పట్టుకొని ఎవరు తిరుగుచున్నారో, ఎవరు కూర్చుండి యున్నారో వారి కన్నులు గుర్తించుచున్నవి. విమోచన పొందిన జనుల పండుగలో ఇంకను వెట్టియందున్నవారు ఉండరాదు. ఈసారి ఆ ప్రశ్న రాకమునుపే మనము లేచి వంటగదిలోనికి పోవుదము గాక.