ఖాళీ స్థలములో గడ్డి - గృహస్థుని అహింస

ఆండర్సన్‌పేటలో ఒక వర్తకుడు స్థలము కొని, ఇల్లు కట్టక విడిచినాడనుకొందము. వానలకు వయ్యారిభామ నడుమెత్తు పెరిగినది. సర్కారు తుమ్మ గోడ దాటినది. పొదలు కొట్టించవలెనని పురపాలక సంఘము నోటీసు పంపినది. యజమాని వినకున్నచో తానే కొట్టించి ఖర్చు రాబట్టుకొను అధికారము 1964 నాటి పురపాలక చట్టము క్రింద సంఘమునకు కలదు. వర్తకుడు ప్రొద్దు వాలక మునుపే భుజించువాడు, దుంపలు ముట్టనివాడు. ఇన్ని ప్రాణములున్న గడ్డిని కోయించి పాపము కట్టుకొనజాలనని నోటీసును మడిచి దస్త్రములో పెట్టినాడు.

ఈ సందేహము నవ్వదగినది కాదు. గడ్డి ఏకేంద్రియ జీవము. దాని మొదళ్లలో చీమలు, పురుగులు లెక్కలేనన్ని. అడవి నరకుట, కార్చిచ్చు పెట్టుట శ్రావకుడు వదలవలసిన పదునైదు కర్మాదానములలోనివి. సాధువులు చాతుర్మాస్యమున ఒకచోట నిలుచుట కూడ ఈ మొలకలను, పురుగులను త్రొక్కకుండుటకే.

అయినను సాధువునకు స్థలము లేదు, గోడ లేదు, పొరుగు లేదు. గృహస్థునకు ఇవన్నియు కలవు గనుకనే అతనిది అణువ్రతమైనది. హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు, అని ఉమాస్వాతి చెప్పెను. ఏమరి యుండువానికి ఏ ప్రాణియు చావకున్నను హింసాదోషము తప్పదని అమృతచంద్రాచార్యులు ఇంకను గట్టిగా చెప్పిరి. ఆ లెక్కన ఈ వర్తకుని పాపము కొడవలి పడిన నాడు పుట్టలేదు. గడ్డి వ్రేలెడు ఉన్న నాడు చూడక పోయినపుడే పుట్టినది. అప్పుడు ఒక కూలివాడు ఒక పూటలో పెరికివేసెడివాడు. ఇప్పుడు అందులో గూళ్లున్నవి, కలుగులున్నవి. విసిగినవాడెవడో అగ్గిపుల్ల గీసినచో ఆ కార్చిచ్చు ఎవరి పద్దున వ్రాయవలెను? కూలి డబ్బు మిగిలినదని అతని మనస్సు లోలోపల సంతోషించినదేమో అతనికే తెలియును. లోభము అహింస వేషములో వచ్చుట అంగళ్ల వీధిలో క్రొత్త గాదు.

గోడ కావల మనుష్యులున్నారు. 2001లో బంగారు గనులు మూతపడిన పిమ్మట ఈ ఊరివారనేకులు బెంగుళూరు పనులకు రైలులో పోవుచున్నారు. చీకటితోనే లేచి పొదల ప్రక్కగా నడువవలసినవారు వారే. కర్ణాటక ప్రభుత్వము 2024లో పాముకాటును, వైద్యులు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. పర్యూషణములో చండకౌశిక సర్పము కథ వినని శ్రావకుడుండడు. మహావీరస్వామి ఆ పాము కాటుకు తన పాదమునే ఒప్పగించెను గాని, పొరుగువాని బిడ్డ పాదమును గాదు.

గడ్డియే శత్రువని కూడ అనరాదు. గడ్డి మొలవని నేల ఎట్లుండునో సైనైడు దిబ్బల దుమ్ము పీల్చిన ఈ ఊరికి వేరే చెప్పనక్కర లేదు. ఎట్లు తీయవలెననుటయే ప్రశ్న. కార్తిక పూర్ణిమ దాక ఆగుదమని కొందరందురు. అంతలో వయ్యారిభామ పూచి, ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తులు రాల్చును. మరుసటి యేడు కోత అంతకంత పెరుగును. కాబట్టి పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని పెరికించవలెను. నిప్పు వద్దు, విషపు మందు వద్దు. కూలివాడు నేలను కఱ్ఱతో తట్టుచు మెల్లగా సాగినచో ప్రాణులకు తప్పుకొను వ్యవధి దొరకును. ఒక ప్రక్క బయలు ఉన్నచో దానిని చివరకు విడువవలెను. పని మాత్రము గోడ వైపునుండి మొదలుపెట్టించవలెను, మనుష్యులు నడచునది అటు గనుక.