గద్దకూ చేపకూ ప్రభువు ఒక్కడే



గుడ్లవల్లేరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి గద్ద ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కాలువ గట్టున, కోతలైన పొలాల్లో, చేపల చెరువుల మీద రోజూ కనిపించేదే. అయినా అది వేటాడుతుండగా మొదటి నుంచి చివరి వరకూ ఓపికగా చూసినవారు మనలో ఎందరు? మేమూ మొన్నమొన్నటి దాకా చూడలేదు.

సంక్రాంతి సెలవుల్లో మక్తబ్ పిల్లలు పదకొండు మందిని వెంటబెట్టుకుని చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళాము. అక్కడ కృష్ణమ్మ సముద్రానికి చేరువై బాగా వెడల్పవుతుంది. ఒక పడవ మాట్లాడుకున్నాము. పాఠం మానేసి పడవ షికారేమిటని బయలుదేరే ముందే ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. హజ్రత్ హంజలా (రజి) సంగతి వారికి గుర్తుచేశాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధిలో ఉన్నంతసేపూ స్వర్గనరకాలు కళ్ళ ముందే ఉన్నట్లుంటుందని, ఇంటికెళ్ళి ఆలుబిడ్డలతో, పొలం పుట్రలతో కలవగానే చాలా భాగం మరచిపోతున్నానని, తాను కపటినైపోయానేమోనని ఆయన దిగులుపడ్డారు. మనిషికి ఒక గడియ అలా, ఒక గడియ ఇలా గడుస్తుందని ప్రవక్త (స) ఆయనను ఊరడించారు. నీటి మీద కాసేపు ఊరికే కూర్చోవడం పాపమేమీ కాదు. కూర్చున్నప్పుడు కళ్ళు తెరిచి ఉంచితే అదీ పాఠమే.

మడ అడవి మొదలయ్యే చోట ఇంజను ఆపించాము. అటుపోటు నీరు తప్ప చప్పుడు లేదు. అంతలో పడవవాడు పైకి చూపించాడు. "సాయిబు గారూ, చేపల గద్ద! చలికాలంలోనే వస్తాది" అన్నాడు. అతను చెప్పింది నిజం. ఉత్తర దేశాలలో చలి ముదిరినప్పుడు ఈ పక్షి మన తీరాలకు వలస వస్తుంది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడింది. తరువాత కాళ్ళు ముందుకు చాపి, బండరాయి పడ్డట్లు నీళ్ళలో పడింది. లేచింది, గోళ్ళలో ఏమీ లేదు. ఒళ్ళు దులుపుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. రెండోసారీ ఒట్టి కాళ్ళే. మూడోసారి మాత్రం జానెడు చేప దొరికింది. దాని తల ముందుకు వచ్చేలా తిప్పి పట్టుకుని, గాలికి అడ్డం లేకుండా ఎగిరిపోయింది.

జారిపోయే చేపను పట్టడానికి ఆ పక్షి అరికాళ్ళు ఆకురాయిలా గరుకుగా ఉంటాయి. కాలి చివరి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. నీళ్ళలో మునిగినప్పుడు ముక్కురంధ్రాలు మూసుకుంటాయి. ఇవన్నీ పిల్లలకు చెప్పాము. ముల్క్ సూరాలో అల్లాహ్ మన దృష్టిని రెక్కలు చాచి ముడిచే పక్షుల వైపు మళ్ళించి, వాటిని ఆకాశంలో నిలిపి ఉంచేది కరుణామయుడేనని తెలియజేశాడు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు కూడా చెప్పాము. అల్లాహ్ మీద పెట్టుకోవలసిన విధంగా నమ్మకం పెట్టుకుంటే, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులకు ఇచ్చినట్లే మనకూ ఉపాధి ఇస్తాడని అందులో ఉంది. పక్షి గూట్లో కూర్చుని నోరు తెరవలేదు, వెళ్ళింది. రెండుసార్లు ఒట్టి కాళ్ళతో లేచినా అలిగి కూర్చోలేదు. తవక్కుల్ పేరు చెప్పి అరుగు మీద పొద్దుపుచ్చే మన కుర్రవాళ్ళు ఈ హదీసులో 'వెళ్ళి' అన్న మాటను ఎందుకు వదిలేస్తారో మాకు అర్థం కాదు.

పాఠం బాగా కుదిరిందని సంతోషపడుతుండగా, పడవ చివర కూర్చున్న పన్నెండేళ్ళ అబ్బాయి అడిగాడు: "హజ్రత్! మరి ఆ చేపకు అల్లాహ్ రహ్మాన్ కాడా?"

మేము తొందరపడి, "అది గద్ద ఉపాధి, నాయనా" అనేశాము. అబ్బాయి తల వంచుకున్నాడు. అది సగం జవాబేనని మాకూ తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమలో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పిల్లవాడు అడిగాడు కదా అని దులిపేసుకునేదీ కాదు.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టాము. అల్లాహ్ తన కారుణ్యాన్ని నూరు భాగాలు చేసి, ఒక్క భాగాన్నే భూమ్మీదకు దించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. పశువు తన పిల్లను తొక్కకుండా గిట్ట ఎత్తేది ఆ ఒక్క భాగం వల్లనే. తల, రొమ్ము తెల్లగా, ఒళ్ళు ఇటుక రంగులో ఉండే గద్ద మన ఊళ్ళలో ఉంది కదా, హిందూ సోదరులు గరుడ పక్షి అని దండం పెట్టేది. అది చేపను గూటికి మోసుకెళ్ళి పిల్లల నోట్లో పెట్టడం కూడా ఆ భాగంలోనిదే. ఇక చేప మాటకు వస్తే, కొమ్ములు లేని గొర్రెను కొమ్ముల గొర్రె పొడిచిన దానికి కూడా ప్రళయదినాన లెక్క తీరుతుందని సహీహ్ ముస్లింలో ఉంది. గద్ద తన ఆహారం తీసుకోవడం దౌర్జన్యం కాదు, దానిని అలాగే సృష్టించాడు. అయితే గొర్రె పడ్డ పోటునే మరచిపోని ప్రభువు చేప పడ్డ బాధను మరచిపోతాడా? ఆ లెక్క ఆయన దగ్గర ఎలా ఉందో మనకు చెప్పలేదు. చెప్పనిదానికి మనం జవాబు కల్పించకూడదు.

అబ్బాయి అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. వాళ్ళ నాన్న చేపల చెరువు కౌలుకు చేస్తున్నాడు. పక్షులు వాలకుండా చెరువు మీద వల కట్టారు. అందులో ఒక గద్ద చిక్కుకుని, రెక్క విరిగి, రెండు రోజులు వేలాడి చచ్చిపోయింది. "చేప మీద గద్దకు హక్కుందన్నారు. మరి గద్ద మీద మాకుందా?"

ఇది మన ప్రాంతంలో చాలా ఇళ్ళకు సంబంధించిన మాట, అందుకే విడమరచి రాస్తున్నాము. చెరువులో పెంచిన చేప యజమాని సొత్తు, దానిని కాపాడుకోవడం అతని హక్కు. హాని చేసే జీవాలలో గద్దను కూడా చేర్చి, ఇహ్రామ్ స్థితిలో సైతం చంపవచ్చునన్న హదీసు ఉంది, దాచవలసిన పని లేదు. కాని మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దలను చంపడం నేరం. ఆ చట్టాన్ని పాటించడం మన బాధ్యత. పైగా చంపడానికి అనుమతి ఉన్నచోట కూడా హింసించడానికి అనుమతి లేదు. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని విధించాడని, జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తి పదును పెట్టి జంతువు బాధ తగ్గించాలని ప్రవక్త (స) ఆదేశించారు. పిల్లిని కట్టిపడేసి, తిండి పెట్టక, తిరిగి తిననివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని హెచ్చరించారు. వలలో రెండు రోజులు వేలాడిన గద్దకూ ఆ పిల్లికీ తేడా ఏమిటి? వల కట్టడం తప్పు కాదు, కట్టి అటు చూడకపోవడం తప్పు. గద్దకు చెరువు పాలు ఇవ్వమని మేము అనడం లేదు. వల ఉన్నవారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు చుట్టి రమ్మంటున్నాము.

అసర్ నమాజు ఒడ్డునే చేసుకుని తిరిగి వచ్చాము. తరువాతి జుమాకు ఆ అబ్బాయి కనిపిస్తే ఏమైందని అడిగాము. నాన్న ముందు కసురుకున్నాడట. ఇప్పుడు మాత్రం ఫజర్ అయ్యాక ఒకసారి, అసర్ అయ్యాక ఒకసారి తండ్రీకొడుకులలో ఎవరో ఒకరు చూసి వస్తున్నారు. చిక్కుకున్న పక్షిని విడిపించేటప్పుడు ముందు పాత తువ్వాలు దాని తల మీద కప్పాలని, లేకపోతే గోళ్ళు గుచ్చుతుందని మాకే నేర్పాడు. చేతి మీద గీరుకున్న గాటు కూడా చూపించాడు.