స్థావరమును కదిలించిన జంగమము

కృష్ణాతీరమున ముడుమాల మొదలుకొని అలంపురము వరకు పయనించువానికి రాళ్ళే గ్రంథములు. ముడుమాలలో నిలువురాళ్ళు, అలంపురములో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు, నడుమ ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధానియైన మన ఆత్మకూరులోని పాత కట్టడములు. వీనిలో దేనిని చూచినను, చదివినవాడును చదువనివాడును ఒకే ప్రశ్న వేయును: యంత్రములు లేని ఆ కాలమున ఇంతేసి రాళ్ళను ఎట్లు కదిలించిరి?

ఈ ప్రశ్నకు లోకమున మూడు విధముల సమాధానములు వినవచ్చుచున్నవి. దేవతలు రాత్రికి రాత్రి కట్టి, కోడి కూయగానే విడిచిపోయిరని కొందరందురు. ఫలానా రాజు కట్టించెనని మరికొందరందురు. 1968లో ఎరిక్ వాన్ డానికెన్ అను నతని గ్రంథము వెలువడిన తరువాత, అన్యగ్రహవాసులు దిగివచ్చి నిలిపిపోయిరను మాటయు బయలుదేరినది. మూడును వేర్వేరుగా తోచినను మూడింటికిని ఒక పోలిక కలదు. రాతికి త్రాడు కట్టి లాగినవాడు ఈ మూడింటిలో ఎక్కడను కానరాడు. ఇది కేవలము చరిత్రలోని లోపమైనచో పండితులకు విడిచిపెట్టవచ్చును. కాని ఒకని చెమటను మరియొకని ఖాతాలో వ్రాయుట న్యాయమునకు సంబంధించిన విషయము. కనుక దీనిని మనము విచారింపవలసియున్నది.

ముందుగా రాయి ఎట్లు కదలునో చూతము. ముడుమాల నిలువురాళ్ళు బృహచ్ఛిలాయుగమునకు చెందినవి. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. వీనిలో పన్నెండు, పదునాలుగు అడుగుల ఎత్తు గలవి యున్నవి. ఉదాహరణకు నాలుగు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మీటరు మందము గల నల్లరాతిని తీసికొందము. దాని ఘనపరిమాణము రెండు ఘనమీటర్లు. బరువు ఐదు టన్నులకు పైచిలుకు. గరుకు నేలపై చెక్కబండిమీద దానిని ఈడ్చుటకు బరువులో సుమారు సగమంత బలము కావలెననుకొందము. ఒక మనిషి ఇరువదియైదు కిలోల బలముతో లాగినచో నూరుమంది చాలుదురు. త్రోవను తడిపి నున్నన చేసి, ఒరపిడిని సగమునకు తగ్గించినచో ఏబదిమందియే చాలుదురు. ఒక చిన్న పల్లెలో ఏబదిమంది కలిసి రాలేరా? ఒక్కడు ముందు నిలిచి ఐలేసా యని పలుకగా అందరును ఒక్క క్షణమున లాగవలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క క్షణమున లాగినచో నూరుమంది యున్నను రాయి కదలదు. ఇచ్చట కావలసినది రాక్షసబలము కాదు, ఐకమత్యము.

రాతిని పైకెత్తుటకు మీటయే చాలును. ఎనిమిది అడుగుల దూలమునకు ఒక కొననుండి ఒక అడుగు దూరమున ఆధారము పెట్టినచో, మనిషి చూపిన బలము ఏడింతలగును. వ్రేలెడు ఎత్తు లేపి క్రింద రాతిముక్క దోపి, మరల వ్రేలెడు లేపుచు పోవచ్చును. నిలువురాతికైతే ఒకవైపు ఏటవాలుగా గోయి త్రవ్వి, రాతి మొదలును అందులోనికి జార్చి, తలకు త్రాళ్ళు కట్టి ఎదుటివైపునుండి లాగి, గోతిని మట్టితోను రాళ్ళతోను గట్టిగా కూరవలెను. గడ్డపారతో బండను పెకలించు వడ్డెరవానికి ఈ శాస్త్రమంతయు పుస్తకము లేకుండనే తెలియును.

ఇది ఊహ యనుకొనువారికి ఈజిప్టు దేశమున సాక్ష్యము కలదు. సుమారు మూడువేల తొమ్మిదివందల యేండ్ల క్రిందటి జెహుతిహోతెప్ అను అధికారి సమాధిగోడపై ఒక చిత్రమున్నది. సుమారు 58 టన్నుల బరువుండెనని అంచనా వేయబడిన విగ్రహమును, చెక్కబండిపై కట్టి, నాలుగు వరుసలలో 172 మంది లాగుచున్నారు. బండి ముందు ఒకడు నిలిచి నేలపై నీరు పోయుచున్నాడు. ఆ నీటిని పూర్వము పలువురు ఏదో పూజావిధి యనుకొనిరి. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇసుకను తగినంతగా తడిపినచో లాగుటకు కావలసిన బలము సుమారు సగమునకు తగ్గునని నిరూపించిరి. పండితులు మంత్రమనుకొన్నది కూలివాని తెలివి యని తేలినది.

మన కాకతీయుల కట్టడములును ఈ తెలివికే నిదర్శనములు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడును, పాలంపేటలోని రామప్పగుడిని 1213లో రేచర్ల రుద్రుడును నిర్మింపజేసిరి. పునాదిక్రింద గోయి త్రవ్వి ఇసుకతో నింపి, దానిపై రాతిభారమును నిలిపిరి. రామప్ప శిఖరమునకు నీటిపై తేలునంతటి తేలికయైన ఇటుకలను కాల్చిరి. బరువు మోయుట ఒక నేర్పు. బరువు తగ్గించుట అంతకంటె గొప్ప నేర్పు. వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును 2006లో విప్పదీసి, మరల రాతిపై రాయి పేర్చి 2024లో తెరచిరి. ఆనాటి పనివారి కొలతలు ఎంత ఖచ్చితమైనవో ఆ పని చేసినవారికి తెలిసియుండును. రామప్పగుడి కట్టించిన సేనాని పేరున కాక శిల్పి పేరున పిలువబడుచున్నదని జనుల నమ్మిక. ఆ నమ్మికలో జనుల న్యాయబుద్ధి యున్నది.

ఇంతవరకు యంత్రశాస్త్రము. ఇక ధర్మవిచారము. ఏబదిమంది త్రాడు పట్టి లాగినచో రాయి కదలును. ఆ ఏబదిమంది ఇష్టపడి వచ్చినను కదలును. కొరడాకు భయపడి వచ్చినను కదలును. గుడిగోడను తట్టి చూచినచో, ఈ రాయి కూలికి వచ్చినదా, వెట్టికి వచ్చినదా యని అది చెప్పదు. అందువలననే అడుగవలసిన బాధ్యత మనపై పడినది.

ఈ విషయమున రెండు వాదములు కలవు. గొప్ప కట్టడము మిగిలినది కదా, పడిన శ్రమ ఎట్టిదైననేమి యనునది మొదటిది. ఇవన్నియు పీడనకు గుర్తులు, వీనిని మెచ్చుకొనుటయే తప్పు అనునది రెండవది. మొదటి వాదము మనిషిని త్రాటితో సమానము చేయుచున్నది. రెండవ వాదము దయగలదిగా కనబడినను, అదియును పనివానికి అన్యాయమే చేయుచున్నది. ఏలయన, వాని నేర్పును, వాని గర్వమును చూడక వానిని బాధితునిగా మాత్రమే చూచుచున్నది. పిరమిడ్‌ను లక్షమందిచేత కట్టించిరని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాసెను. ఆ లక్షమందియు బానిసలేయని లోకము చిరకాలము నమ్మెను. 1990 మొదలుగా గీజాలో పనివారి సమాధులు బయల్పడినవి. విరిగి, కట్టుకట్టగా అతికిన ఎముకలు వానిలో కనబడినవి. వారికి వైద్యము జరిగినది. రాజు సమాధి చెంతనే గౌరవముతో ఖననము జరిగినది. 2013లో ఎర్రసముద్రతీరమున దొరకిన పత్రములలో మేరేర్ అను మేస్త్రీ వ్రాసికొన్న దినచర్య కలదు. తన జట్టు తూరా గనులనుండి సున్నపురాళ్ళను పడవలపై గీజాకు చేర్చిన తీరు అందులో నున్నది. ఆ పత్రములలోనే పనివారికి వచ్చిన ఆహారపు లెక్కలును కలవు. రాజు పేరున్న రాయికంటె మేస్త్రీ పేరున్న ఆ చినిగిన కాగితము నీతి తెలిసినవానికి విలువైనది. కష్టము లేదని కాదు. కష్టపడినవానికి ముఖము కలదని అది చెప్పుచున్నది.

వెట్టి యన నేమో తెలంగాణమువారికి ఎవరును బోధింపనక్కరలేదు. నిజాముల కాలమున కూలి లేక, కాదను హక్కు లేక చేసిన చాకిరి అది. ఆంధ్రమహాసభ దానికి వ్యతిరేకముగా ఎలుగెత్తినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగము వెట్టిని నిషేధించినది; 1976లో దానిని రద్దు చేయు ప్రత్యేక చట్టము వచ్చినది. చేయు పని ఒక్కటే యైనను వెట్టికిని కాయకమునకును హస్తిమశకాంతరము కలదు. కాయకమునకు మూడు లక్షణములుండవలెను. చేయువాని సమ్మతి యుండవలెను. వాని కడుపు నిండి, దాసోహమునకు కొంత మిగులవలెను. వానికి తోటివారిలో గౌరవముండవలెను. త్రాడు పేని బ్రతికిన నులియ చందయ్య బసవాదిశరణుల నడుమ సమానుడై కూర్చుండెను. రాతిని లాగు త్రాడు అట్టివాని చేతిలోనే పుట్టునని మనము మరువరాదు.

సొన్నలిగె సిద్ధరాముని కథ ఇచ్చట స్మరింపదగినది. ఆయన అనేకులను కూర్చి చెరువు త్రవ్వించుచుండగా అల్లమప్రభువు వచ్చి, “ఒడ్డ రాముడెక్కడ?” అని పిలిచెనట. పనివారు కోపించి రాళ్ళు రువ్విరట. కట్టడమే పరమార్థమనుకొను వానిని మేల్కొల్పుటకు ప్రభువట్లు పలికెనని పెద్దలు చెప్పుదురు. కాని కర్ణాటకమందలి ఒడ్డర, భోవి కులస్థులు ఆ సిద్ధరామునే తమ గురువుగా కొలుచుచున్నారు. నింద యనిపించిన పేరు వారికి నెలవైనది. స్థావరముకంటె జంగమము మిన్న యను బసవేశ్వరుని బోధకు ఇంతకంటె సులభమైన వ్యాఖ్యానము లేదు. కట్టినది స్థావరము, కట్టిన చేయి జంగమము.

ఈ కొలబద్దను ప్రాచీనులపై మాత్రమే పెట్టి మనము తప్పించుకొనరాదు. 1955లో పునాది పడి 1967లో పూర్తియైన నాగార్జునసాగరము రాతికట్టుతో లేచిన ఆనకట్ట. ఎత్తు సుమారు 124 మీటర్లు. వేలకొలది స్త్రీపురుషులు కఱ్ఱల మెట్లవెంట తలలపై రాళ్ళు మోసికొనుచు పైకెక్కిన ఛాయాచిత్రములను మనమందరమును చూచియున్నాము. ఆ ఈజిప్టు సమాధిచిత్రమునకును దీనికిని సుమారు నాలుగువేల యేండ్ల దూరమున్నదని చెప్పినచో నమ్ముట కష్టము. ఇట్టి ఆనకట్టలకు దేశమంతటను చేతులిచ్చినవారు మన పాలమూరు కూలీలు. ఆనకట్టపై వారి పేర్లు లేవు.

శ్రీశైలము విషయము మరింత ఆలోచింపదగినది. జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును, పాపనాశి ఆలయసముదాయమును విప్పదీసి అలంపురమునకు చేర్చిరి. అట్టి పనిలో ప్రతి రాతికిని అంకె వేయుదురు. ఏ రాయి ఏ రాతి ప్రక్కన నుండెనో అట్లే మరల కూర్చుదురు. ఇది ఉత్తమమైన పని. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయమును 1964 నుండి 1968 వరకు ముక్కలుగా కోసి 65 మీటర్ల ఎత్తునకు చేర్చినవారి నేర్పునకు ఇది తీసిపోదు. కాని అదే జలాశయముకొఱకు 1981లో నూటికి పైగా గ్రామములు ఖాళీయైనవి. తరతరములుగా ప్రక్కప్రక్కన బ్రతికిన ఇండ్లవారికి అంకెలు వేసి, ఎవరి ప్రక్కన ఎవరుండిరో అట్లే మరల కూర్చినవారున్నారా? గుడి చెదరక నిలిచినది, ఊరు చెదరిపోయినది.

గుడిని కాపాడుట తప్పని నా భావము కాదు. అది మునిగిపోయినచో పదమూడువందల యేండ్ల నేర్పు మునిగిపోయియుండెడిది. నీరు వలదనియు కాదు. ఆ నీటితో పండిన అన్నమును మనమందరమును తినుచున్నాము. నా మనవి ఇంతే: రాతిని కదిలించునపుడు చూపిన శ్రద్ధ మనుష్యుని కదిలించునపుడు తగ్గరాదు. రాతికి నొప్పి లేదు. అయినను పగులకుండ గడ్డి పరచి మోయుదుము. నొప్పి యెరిగినవానిని ఇంకెంత మెల్లగా దింపవలెను!

కనుక పిల్లలను అలంపురమునకో, ముడుమాలకో తీసికొనిపోవు తల్లిదండ్రులును ఉపాధ్యాయులును, ఎవరు కట్టించిరి, ఎప్పుడు కట్టించిరి యనువానితో ఆగక మరి నాలుగు ప్రశ్నలడుగవలెను. ఈ రాయి ఎంత బరువు? ఎట్లు కదలినది? ఎవరు కదిలించిరి? వారికి ఏమి దక్కినది? మొదటి రెండు గణితము నేర్పును. మూడవది వినయము నేర్పును. నాలుగవది న్యాయము నేర్పును. ఈ నాలుగవ ప్రశ్న అడుగ నేర్చిన బాలుడు పెద్దవాడై, తన యింటికి పునాదిరాళ్ళు దించిన వడ్డెరవానితో బేరమాడునపుడు ఒక్కమారు ఆగి ఆలోచించును. ఆ ఒక్క క్షణపు ఆలోచనయే ప్రాచీనశిలలు మనకు చెప్పగల పాఠము.