ర్యాంపుకి థ్యాంక్స్ అక్కర్లేదు

విశాఖ బీచ్‌రోడ్డులో ఫుట్‌పాత్ మెట్టు దగ్గర వీల్‌చెయిర్ ఆగితే, ఎత్తి దించడానికి నలుగురు వస్తారు. మనవాళ్ల మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ సముద్రం చూడ్డానికి ఒక మనిషి ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పాలి?

కురుసుర సబ్‌మెరైన్ లోపలి ఇరుకు ద్వారాలని వెడల్పు చేస్తే అది సబ్‌మెరైన్‌గా మిగలదు, ఒప్పుకుంటాను. ఫుట్‌పాత్ అలా కాదు. అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు, అంతే లెక్క. 2016 చట్టం దీన్ని హక్కుల్లో చేర్చింది. ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి చెయ్యాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

బోర్ కొట్టి, ఎవరికీ చెప్పకుండా, ఒక్కణ్ణే బీచ్‌కి వెళ్లిపోతుంటాను నేను. ఆ స్వేచ్ఛని ఎంతమంది మంచివాళ్లు కలిసినా ఇంకొకరికి ఇవ్వలేరు. ర్యాంపు ఇవ్వగలదు.