మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే మా కోనసీమ ఊళ్లల్లో నల్లబట్టలు కనబడతాయి. ఏడాదంతా తాగి ఇల్లు గుల్ల చేసినవాడు కూడా అయ్యప్ప మాల వేసుకున్నాడంటే చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం పీఠం దగ్గర భజన. 41 రోజులు వేరే మనిషి. మాకు వరసకు అన్నయ్య ఒకాయన ఇలాగే ఉండేవాడు. "మాల ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పండగేనయ్యా. ఇరుముడి కట్టిన రోజు నుంచే నాకు దిగులు పట్టుకుంటుంది" అనేది వదిన. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడే ఆయన మళ్లీ షాపు దగ్గర తేలేవాడు.

భక్తి చాలక అలా జరిగిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆయన్ని నిలబెట్టింది ఒట్టు ఒక్కటే అయితే, పిల్లల తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్లన్నీ ఎందుకు నిలవలేదు? మాలలో ఆయన ఒంటరివాడు కాదు. పొద్దున్నే లేపడానికి ఇంకో స్వామి వస్తాడు. సాయంత్రం, అంటే తాగేవాడికి అన్నిటికన్నా గడవని వేళ, ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసు. ఎన్నోసార్లు కొండెక్కిన గురుస్వామి కన్నెస్వామిని వెంటబెట్టుకుని నడిపిస్తాడు. మాల తీశాక ఈ ఆసరా అంతా ఒక్కసారే పోతుంది. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మాల లేని రోజుల్లో కూడా అలాంటి తోడు ఉంటే ఏమవుతుందన్నదే నా ఆలోచన.

అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో 1935 మే నెలలో ఆ తోడు మొదలైంది. వ్యాపారం పని మీద వచ్చి, అది చెడి, బిల్ విల్సన్ అనే ఆయన హోటల్లో ఒంటరిగా మిగిలాడు. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే. పక్కనే బార్. అటు పోకుండా, ఊళ్లోని చర్చిలకు ఫోన్లు చేసి, నేను మాట్లాడడానికి ఇంకో తాగుబోతు కావాలని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్, సర్జను. పావుగంట చాలనుకుని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. విల్సన్ ఆయనకు నీతులు చెప్పలేదు, తన సంగతి చెప్పుకున్నాడు. ఎదుటివాణ్ణి బాగుచేయడానికి కూడా కాదు, తను తాగకుండా ఉండడానికి. ఆ డాక్టరు ఆఖరి చుక్క తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఫీజు లేదు, సభ్యత్వ రుసుం లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టిన అల్-అనాన్ వేరే ఉంది. మా వదిన లాంటివాళ్లకు అది కావాలి.

గోదావరి అవతల ఒక పట్నంలో, బయటివాళ్లను కూడా రానిచ్చే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఉందంటే అన్నయ్యతో వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, గాజుగ్లాసుల్లో టీ. కొబ్బరి దింపులు తీసే ఒకతను లేచి పేరు చెప్పి, తాను తాగుబోతునన్నాడు. పొద్దున్నే చేతులు వణికేవని, ఆ వణుకు ఆగడానికి తాగి, ఆ చేతులతోనే చెట్టెక్కేవాణ్ణని చెప్పాడు. అంతవరకూ నేలచూపులు చూస్తున్న అన్నయ్య తలెత్తాడు. ఎవరూ జాలిపడలేదు, ఎవరూ సలహా ఇవ్వలేదు. అక్కడి మాటలు అక్కడే ఉండాలన్నది నియమం. బయటికి వచ్చాక అతనే, "ఎవరికైనా పనికొస్తుందంటే చెప్పండి బాబూ, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అన్నయ్య ఆ తర్వాత కూడా జారాడు. మళ్లీ వెళితే కుర్చీ చూపించారు, అంతే.

మన దగ్గర అడ్డం సిగ్గు. రాజోలులో తుమ్మితే మలికిపురంలో వినబడుతుంది కదా, మీటింగుకు వెళ్తే పరువేం కావాలని అడుగుతారు. తాగి కాలవగట్టున పడిపోయినప్పుడు ఊరంతా చూసింది. ఆ పరువు గురించి అప్పుడెవరూ అడగలేదు. మానడానికి వెళ్లేవాణ్ణి వేలెత్తి చూపే ఊరు, వాడి తాగుడులో భాగస్వామే.

మందు షాపు మూయించడం గొప్ప పనే, కానీ అదొక్కటే చాలదు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ప్రభుత్వాలను బట్టి షాపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తాగేవాడి సాయంత్రం మాత్రం అలాగే ఉంటుంది. తాగుడుకు బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే తేల్చింది. ఇలాంటి మీటింగులకు దారి చూపే చికిత్స పూర్తిగా మానేలా చేయడంలో మిగతా పద్ధతుల కన్నా మెరుగని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2020లో చెప్పింది.

ఒక్క జాగ్రత్త. రోజూ విపరీతంగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ముందు డాక్టరుకు చూపించండి. దారి తెలియకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, మనసు బాగాలేకపోతే 14416కు. రెండూ ఉచితం. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో తాగుడు మాని నిలబడ్డవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు నా మనవి ఒకటే: వారానికో సాయంత్రం ఒక గది చూసుకుని కూర్చోండి. ఆక్రన్‌లో మొదట కూర్చున్నది ఇద్దరే.