ఏడిండ్లు తిరిగిన కూన

“పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పును” అని తెలుగునాట పెద్దలు చెప్పుదురు. కూనను నోట కరచుకొని, గోడలు దాటి, అటకలు మార్చి, బిడ్డకు నిర్భయమైన చోటు దొరకువరకు ఆ తల్లి విశ్రమింపదు. నోరులేని జీవమే ఇంత పాటుపడుచుండగా, వివేకము గల మానవుడు తనకు అక్కరలేని పిల్లికూనను గోనెసంచిలో వేసి, కాలువ ఆవలిగట్టున విడిచి, చేతులు దులుపుకొనుట ఏమి ధర్మము? ప్రశ్న చిన్నదే. కాని దాసోహమనగా నేమో తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు బోధించిన మార్గమునకు దయయే పునాది. ఆ దయ మనుష్యుల వాకిళ్లయొద్ద నిలిచిపోవునది కాదు. జీవకోటి నంతటిని ఆవరింపవలసినది. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున, హావినహాళ కల్లయ్య కుక్కచేత వేదము పలికించిన కథను చెప్పినాడు. జన్మనుబట్టి ఏ ప్రాణియు హీనము కాదనుటయే ఆ కథలోని సారము. అట్టి కథలను భక్తితో వినువారు, వాకిట అరచుచున్న కూనను చూచి ముఖము త్రిప్పుకొనరాదు.

బెజవాడ ఆటోనగరులో ఒక విడిభాగముల కొట్టును ఊహింపుడు. నలుదెసల లారీలకు బాడీలు కట్టు షెడ్లు, వెల్డింగు మెరుపులు, సుత్తిదెబ్బల మ్రోత. అది కాయకక్షేత్రము. ఒక ఉదయమున దూరదేశమునుండి వచ్చిన లారీ బానెట్టు ఎత్తగా, ఇంజను వెచ్చదనమునకు ముడుచుకొని పరుండిన పిల్లికూన కనబడినది. తల్లి ఏ ఊరిలో నిలిచిపోయినదో ఎవరికి తెలియును? కొట్టు యజమాని లింగధారి. జాలిపడి దానిని ఇంటికి గొనిపోయినాడు.

రెండు దినములు పిల్లలకు పండుగయైనది. మూడవనాటినుండి చిక్కులు మొదలైనవి. కూన పూజగదిలో దూరుచున్నదని వృద్ధమాత విసుగుకొన్నది. పోసిన ఆవుపాలు పడక అది విరేచనములతో నీరసించినది. కొట్టులోనే ఉంచుద మనుకొన్నచో, అక్కడి నేల దానికి శత్రువు. కారిన నల్లనూనెయు, బ్యాటరీ ఆమ్లమును పాదముల కంటును. పిల్లి తన ఒడలిని తానే నాకి శుభ్రపరచుకొనును. రేడియేటరు కూలెంటులో ఉండు ఇథిలీన్ గ్లైకాల్ ఏ కొంచెము కడుపులో పడినను మూత్రపిండములు చెడి ప్రాణము పోవును.

అప్పుడు కొట్టులోని కుఱ్ఱవాడు అన్నాడు: “అయ్యగారూ, గోతంలో వేసి చేపల బజారు దగ్గర వదిలేసి రానా? తిండికి లోటుండదు.”

యజమాని కొంతసేపు ఆలోచించి, “అక్కడ కుక్కలు కూడా ఉంటాయి కదరా! దిక్కులేనిదాన్ని అలా వదిలితే మన చేతులతో చంపినట్టే” అన్నాడు.

సాయంకాలము ఈ మాట విన్న వృద్ధమాత, “నాయనా, పూజగదిలోకి వస్తోందన్నానే గాని, దాన్ని చావమన్నానా?” అని కన్నీరు పెట్టుకొన్నది.

ఈ కథలోని మర్మము ఇక్కడనే యున్నది. ఆ ఇంట ఎవరును క్రూరులు కారు. కూన కీడు కోరినవారు లేరు. అయినను, ఎవరికి వారు “ఇది నా పని కాదు” అనుకొన్నచో, దయగల ఇంటినుండియే ఆ జీవము చావునకు పోయెడిది. లోకములో నోరులేని ప్రాణులకు కలుగు కీడులో ఎంతయో భాగము ద్వేషమువలన గాక, ఇట్టి తప్పుకొనుటవలననే కలుగుచున్నది. శాసనమును ఇదే చెప్పుచున్నది. జంతువుల పట్ల క్రూరత్వమును నివారించు 1960 నాటి చట్టము, తగిన కారణము లేక, ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో జంతువును విడిచిపెట్టుటను నేరముగా పేర్కొన్నది. 1976లో రాజ్యాంగమున చేర్చిన పౌరవిధులలో ప్రాణులయెడ కరుణ యొకటి. అయితే శరణుడు శిక్షకు వెఱచి దయ చూపువాడు కాడు.

విడుచుట వేఱు, అప్పగించుట వేఱు. విడిచినవాడు వెనుదిరిగి చూడడు. అప్పగించువాడు చేయిపట్టి నడిపించి, ఇంకొక చేతిలో పెట్టి, ఆ చేయి గట్టిదని తెలిసినపిదప మాత్రమే తన చేయి తీయును. “నేనిచ్చితిని” అను అహంకారము దానమున మిగులవచ్చును. “నేను సేవకుడను” అను భావము దాసోహమున నిలుచును. కావున కూనకు ఇల్లు వెదకుట వదిలించుకొను పని కాదు, తుదివరకు చేయవలసిన సేవ.

ఆ సేవకు తెలివియు కావలెను. కూన ఎనిమిది వారములైనను నిండకమునుపు తల్లినుండి వేఱుచేయరాదు. తల్లి లేనిచో అంతవరకు ఇంటనే సాకి, పశువైద్యునకు చూపవలెను. బెజవాడ వారికి గన్నవరమున పశువైద్య కళాశాలయే కలదు. నులిపురుగుల మందు, టీకాలు సకాలమున వేయింపవలెను. మూడు నెలలు నిండినపిదప రేబీసు టీకాయు తప్పనిసరి. ఆడుపిల్లి ఐదాఱు నెలల ప్రాయముననే చూలు దాల్పగలదు. తొమ్మిది వారములలో ఈనును. అందుచే సకాలమున సంతాననిరోధ శస్త్రచికిత్స చేయింపనిచో, నేటి యొక దిక్కులేని కూన మఱుసటి యేడు పది దిక్కులేని కూనలగును.

ఇక శాకాహారుల ఇంట వచ్చు ధర్మసందేహమున్నది. పాలన్నముతోనే పిల్లిని పెంచవచ్చునని పలువురు తలతురు. పిల్లి శరీరము అట్లు నిర్మింపబడలేదు. మాంసమునందు లభించు టారిన్ అను పదార్థము లేనిచో దాని చూపు మందగించును, గుండె బలహీనపడును. తన నియమమును తాను పాటించుట ఆచారము. ఆ నియమమును నోరులేని జీవముపై రుద్ది దానిని కృశింపజేయుట ఆచారము కాదు. అట్టి ఆహారము తన ఇంట పెట్టజాలని గృహస్థుడు, దానిని పెట్టగల ఇంటిని వెదకుట అపచారము కాదు; నిజాయితీ.

ఆ ఇల్లు ఎవరిదని కులమును అడుగరాదు. శరణుల మేళనములో పడవ నడపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, చెప్పులు కుట్టు హరళయ్యయు సమానులై కూర్చుండలేదా? అడుగవలసినవి వేఱు ప్రశ్నలు. ఇంటిలో అందఱికిని ఇష్టమా? ఎలుకలు పట్టునను లాభముకొఱకే గోదాములో పడవేయుదురా? జబ్బుచేసిన వైద్యము చేయింతురా? ఊరు మారిన దానిగతి యేమి? పిల్లి పదునైదేండ్లు బ్రతుకవచ్చునని ఎఱుగుదురా? ఇంటి గుమ్మము చూచి రావలెను. “పిల్లికి కూడ బిచ్చము పెట్టడు” అనిపించుకొన్న చేతికి కూనను ఈయరాదు.

యజమాని అట్లే చేసినాడు. పొరుగువీధిలో లేతుమిషను నడపు కార్మికుని ఇల్లు కుదిరినది. వారు చేపలు వండుకొనువారు, పిల్లలు పెద్దవారు, వృద్ధురాలు దినమంతయు ఇంటనే యుండును. మాతయు కుమారుడును కలిసి కూనను గొనిపోయిరి. గృహిణి సంకోచించుచు అడిగినది: “అన్నయ్యగారూ, ఒకవేళ మావల్ల కాకపోతే?”

“చెల్లెమ్మా, ఏనాడైనా బరువనిపిస్తే వీధిలో మాత్రం వదలొద్దు. కబురు చేయండి. నేనే వచ్చి తీసుకుపోతాను.”

ఈ ఒక్క మాట పలుకనిదే అప్పగింత పూర్తి కాదు. పలికినవాడు పది దినముల కొకసారి పోయి చూచి రావలెను.

మఱునాటి ప్రాతఃకాలమున ఆ గృహస్థుడు స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని పూజకు కూర్చుండెను. నిన్నటివరకు కూన వెచ్చగా నిద్రించిన అరచేయియే అది. దానివలన పూజకు లోపమేమియు రాలేదు. గోనెసంచిని మూటగట్టిన చేయియే అయియున్నచో, దానిపై లింగమును నిలుపుటకు ఆయన మనస్సు ఒప్పెడిది కాదు.