నిద్రకు పడుగూ పేకా



ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు. పేక ఒక్కటే ఉన్నా కాదు. రెండూ కలవాలి. మన నిద్రా అంతే.

నిద్రకు పడుగు, మెదడులోని గడియారం. కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి కాస్త పైన ఉండే చిన్న కణాల గుంపు అది. దాన్ని రోజూ సరిచేసేది వెలుతురు. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను పెరిగి, రాత్రయిందని ఒంటికి చెబుతుంది. ఒంటి గడియారం గుట్టు విప్పిన శాస్త్రవేత్తలకే 2017లో వైద్య నోబెల్ దక్కింది.

నిద్రకు పేక, అలసట. మేలుకున్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. పేరుకునేకొద్దీ కళ్లు మూతపడతాయి. నిద్రపోతే అది తగ్గుతుంది. టీ, కాఫీ దాన్ని తగ్గించలేవు. దాని పనిని కాసేపు ఆపుతాయి, అంతే.

ఆదోని పత్తి మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషిని చూడండి. అలసట పడుకోమంటుంది. గడియారం లేవమంటుంది. బయట ఎండ. అందుకే పగటి నిద్ర ఊరికే చెదిరిపోతుంది. దాన్ని బద్ధకం అనకండి.

అలాంటివారు మీ ఇంట్లో ఉంటే గది చీకటి చేయండి. టీవీ శబ్దం తగ్గించండి. మిగతావాళ్లం పొద్దున్నే కాసేపు ఆరుబయట వెలుగులో నిలబడదాం. రాత్రి దీపాలు, ఫోన్లు తొందరగా ఆర్పేద్దాం. గడియారం, అలసట, రెండూ కలిస్తేనే మంచి నిద్ర. ఆ రెండింటినీ కలిపే పని ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.